మూలకణాలు, క్యాన్సర్ ఇమ్యునాలజీ: అమెరికాలో పరిశోధకుల దారి

మూలకణ చికిత్స, క్యాన్సర్ ఇమ్యునాలజీ రెండు వేర్వేరు రంగాలుగా కనిపించినా, అవి ఎముక మజ్జ దగ్గర కలుస్తాయి. రక్తకణాలూ, రోగనిరోధక కణాలూ దాదాపు అన్నీ అక్కడి మూలకణాల నుంచే పుడతాయి. లుకేమియా రోగికి దాత మూలకణాలను ఎక్కిస్తే కొత్త రక్తం తయారవుతుంది. అంతేకాదు, దాత నుంచి వచ్చిన రోగనిరోధక కణాలు మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను వెతికి చంపుతాయి. ఈ మార్పిడికి బాట వేసిన అమెరికా వైద్యుడు డోనల్ థామస్ 1990లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. రోగనిరోధక కణాలనే మందుగా వాడే మరో పద్ధతి కార్-టీ. 2017 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తొలి కార్-టీ చికిత్సను ఆమోదించింది. ఇందులో రోగి టీ కణాలను (ఒక రకం రోగనిరోధక కణాలు) బయటికి తీసి, క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా వాటి జన్యువులను మార్చి, తిరిగి ఎక్కిస్తారు.

ఒక తెలుగు శాస్త్రవేత్త ప్రస్థానం

ఈ రంగంలోకి ఎన్ని వైపుల నుంచి రావచ్చో కన్నెగంటి తిరుమలాదేవి జీవితం చూపుతుంది. కాకతీయ విశ్వవిద్యాలయంలో రసాయన, జంతు, వృక్షశాస్త్రాలతో డిగ్రీ, ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పూర్తిచేశారు. తొలి పరిశోధనలు మొక్కల తెగుళ్లు, శిలీంధ్రాల మీద సాగాయి. అమెరికాలో విస్కాన్సిన్, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాల్లో పోస్ట్‌డాక్‌గా (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధకురాలిగా) ఉన్నప్పుడూ మొక్కలు తెగుళ్లను ఎలా ఎదుర్కొంటాయన్నదే ఆమె ప్రశ్న. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అదే ప్రశ్నను జంతుకణాల వైపు మళ్లించారు. 2006లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రొటీన్ ద్వారా కణం బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏకు ఎలా స్పందిస్తుందో చూపింది.

2007లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో సొంత ల్యాబ్ ప్రారంభించారు. 2015లో సెల్ పత్రికలో ఆ బృందం ప్రచురించిన పరిశోధన మూలకణాలనూ క్యాన్సర్‌నూ నేరుగా కలిపింది. డీఎన్‌ఏను పసిగట్టే ఏఐఎం2 ప్రొటీన్ పేగు మూలకణాల అదుపులేని పెరుగుదలకు కళ్లెం వేస్తుంది. అది లోపించిన ఎలుకల్లో పెద్దపేగు కణుతులు ఎక్కువగా పుట్టాయి. కణాలు చనిపోయే మూడు తీరులు కలగలిసి సాగే ప్రక్రియకు ఆమె బృందం ‘పానాప్టోసిస్’ అని పేరు పెట్టింది. ఈ మరణాన్ని క్యాన్సర్ కణాల్లో రగిలిస్తే కణుతులు తగ్గుతాయని 2021లో ఎలుకల్లో చూపింది. మొక్కల తెగుళ్ల నుంచి క్యాన్సర్ దాకా జీవులు మారాయి, పద్ధతులు మారాయి. ప్రమాదాన్ని కణం ఎలా గుర్తిస్తుందన్న ప్రశ్న మాత్రం మారలేదు.

చదువు

బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, జంతుశాస్త్రం, ఫార్మసీ, వైద్యం చదివినవారు ఈ దారి పట్టవచ్చు. మన దగ్గర మూడేళ్ల బీఎస్సీ చేసినవారు ఎమ్మెస్సీ కూడా పూర్తిచేసుకుని దరఖాస్తు చేయడం మేలు. అమెరికాలో బయోమెడికల్ పీహెచ్‌డీకి సాధారణంగా అయిదారేళ్లు పడుతుంది. చాలా విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు మినహాయించి, నెలనెలా స్టైపెండ్ ఇస్తాయి. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో కొద్ది వారాల చొప్పున పనిచేశాకే గైడ్‌ను ఎంచుకుంటారు. దరఖాస్తు గడువు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తుంది. టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ స్కోరు, సిఫారసు లేఖలు, ఉద్దేశ పత్రం కావాలి. అనేక కోర్సులకు జీఆర్‌ఈ ఇప్పుడు తప్పనిసరి కాదు. మార్కుల కన్నా ల్యాబ్ అనుభవానికే విలువ ఎక్కువ. అందువల్ల హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనో, కార్నియా మూలకణ చికిత్సలో పేరున్న ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనో ప్రాజెక్టు అవకాశాల కోసం ముందే ప్రయత్నించాలి. భారత్‌లోనే పీహెచ్‌డీ చేసి, పోస్ట్‌డాక్‌గా వెళ్లే దారీ ఉంది. తిరుమలాదేవి వెళ్లింది ఆ దారిలోనే.

నైపుణ్యాలు

కణాల కల్చర్, కణాలను లెక్కించి వర్గీకరించే ఫ్లో సైటోమెట్రీ, జన్యువులను సవరించే క్రిస్పర్, ఎలుకల మోడళ్లు ఈ రంగంలో నిత్యం వాడే పనిముట్లు. ఒక్కో కణంలోని ఆర్‌ఎన్‌ఏను చదివే ప్రయోగాల్లో డేటా భారీగా వస్తుంది కాబట్టి ఆర్ లేదా పైథాన్, గణాంకశాస్త్రం నేర్చుకోవాలి. ప్రయోగాలు తరచూ విఫలమవుతాయి. విఫలమైన ఫలితాన్నీ నిజాయతీగా నమోదుచేసి, కారణం వెతికే ఓర్పు అన్నిటికన్నా ముఖ్యం.

ఉద్యోగాలు

పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు పోస్ట్‌డాక్ చేసి, అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడం ఒక దారి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు (ఎన్‌ఐహెచ్) ఇచ్చే కే99/ఆర్00 గ్రాంటు పోస్ట్‌డాక్ నుంచి సొంత ల్యాబ్‌కు వంతెనలాంటిది. అమెరికా పౌరులు కానివారూ దీనికి అర్హులే. ప్రొఫెసర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకే రెండో దారి గురించీ ముందే ఆలోచించాలి. సెల్ థెరపీ కంపెనీల్లో కణాల తయారీ, నాణ్యత పరీక్ష, క్లినికల్ ట్రయల్స్, డేటా విశ్లేషణ, నియంత్రణ అనుమతుల విభాగాలకు శాస్త్రవేత్తలు కావాలి. ఎఫ్-1 విద్యార్థి వీసాపై సైన్స్ డిగ్రీ పొందినవారికి ఓపీటీ (చదువుకు సంబంధించిన తాత్కాలిక ఉద్యోగ అనుమతి) కింద 12 నెలలు, అర్హత ఉంటే మరో 24 నెలలు పనిచేసే వీలుంది. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు సమయంలో అధికారిక సమాచారాన్ని సరిచూసుకోవాలి.