మద్యవిముక్తి సమావేశములు

ధవళేశ్వరము వంటి చోట ఒకడు త్రాగుచున్నాడన్న సంగతి వీధికంతయు తెలియును. అతడు మానదలచిన సంగతి మాత్రము ఇంటివారికైనను తెలియదు. జంగమయ్య భిక్షకు వచ్చిన దినమున, తూలుచున్న కుమారుని వెనుకగదిలో దాచు తల్లి వానిని పదిమంది నడుమకు పంపుటకు జంకుట సహజమే.

ఆ జంకునకు ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంఘమున సమాధానము కలదు. 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున బిల్ విల్సన్, వైద్యుడైన బాబ్ స్మిత్ దీనిని ప్రారంభించిరి. ఇరువురును త్రాగుడు వలన చెడినవారే. అచట ఇంటిపేరు అడుగరు, రుసుము లేదు. మానవలెనను కోరికయే అర్హత. ఉపదేశకుడుండడు. త్రాగి మానినవాడు తన కథ చెప్పును, క్రొత్తవాడు ఊరక వినవచ్చును. శరణుల అనుభవగోష్ఠి నెరిగినవారికి ఈ పద్ధతి వింత కాదు.

చోటు తెలియనివారు 14446 అను ఉచిత సంఖ్యకు ఫోను చేసి, చేరువనున్న మత్తు విడిపించు కేంద్రమును తెలిసికొని, సమావేశముల సంగతి అచట విచారింపవలెను. స్వగ్రామమున బిడియపడువారు రాజమహేంద్రవరమున విచారించుట మేలు.

చిరకాలము మితిమీరి త్రాగినవాడు హఠాత్తుగా మానినచో వణుకు, మూర్ఛ, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును కలుగును. కావున ముందు వైద్యుని చూడవలెను.

తల్లికిని భార్యకును 1951లో ఏర్పడిన ‘అల్-అనాన్’ సమావేశములు వేరుగా కలవు. అతడు రానన్నను ఆమె పోవచ్చును.