కుంచం సరైనదేనా?
(లాక్‌డౌన్ నాటి స్వీయ సంరక్షణను కొలవడం గురించి)

2020 మార్చి 25 మొదలు మే 31 వరకు, నాలుగు విడతలుగా 68 రోజులు దేశం తలుపులు మూసుకుంది. రైళ్లు లేవు, బస్సులు లేవు. పలాసలో జీడి పని ఆగింది. చేతులు కడుక్కో, మంచి తిండి తిను, వేళకు నిద్రపో అని అందరూ అందరికీ చెప్పినవారే. తన ఆరోగ్యాన్ని తానే కాపాడుకునే ఇలాంటి అలవాట్లను 'స్వీయ సంరక్షణ' అంటాం. జనం వాటిని ఎంతవరకు పాటించారో కొలవడమెలా? ఈ వ్యాసానికి అదే విషయం.

అలవాటును తక్కెడలో పెట్టి తూచలేం. అందుకని ప్రశ్నావళి తయారుచేస్తాం. ప్రశ్నలను నాలుగు గుంపులుగా విడదీయవచ్చు: ఆరోగ్యం మీద ఎరుక, తిండీ శ్రమా, నిద్ర, మనసును నిబ్బరంగా ఉంచుకోవడం. ప్రతి ప్రశ్నకూ 'ఎప్పుడూ లేదు' నుంచి 'ఎల్లప్పుడూ' వరకు 1 నుండి 5 మార్కులు. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ప్రవేశపెట్టిన పద్ధతి ఇది. పది ప్రశ్నలుంటే మొత్తం 10కీ 50కీ మధ్య వస్తుంది. చూడటానికి ఎంతో సుళువు!

చిక్కంతా ఇక్కడే ఉంది. కొలతకు రెండు గుణాలుండాలి. ఒకటి విశ్వసనీయత: మళ్లీ కొలిచినా దాదాపు అదే ఫలితం రావడం. రెండోది సప్రమాణత: కొలవదలచినదాన్నే కొలవడం. కుంచానికి సొట్ట పడిందనుకోండి. పదిసార్లు కొలిచినా ధాన్యం ఒకేలా వస్తుంది గాని, పదిసార్లూ తప్పే వస్తుంది. అంటే విశ్వసనీయత ఉంది, సప్రమాణత లేదన్నమాట.

మన ఉద్దానంలో ఈ సొట్ట ఎలా పడుతుందో చూద్దాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలను మూత్రపిండాల వ్యాధి ఏళ్ల తరబడి పీడిస్తోంది. దాని మూలకారణం ఇంకా తేలలేదు. ఇక్కడ డయాలసిస్ మీదున్న ఒకరిని ఊహించుకుని, మూడు ప్రశ్నలు అడుగుదాం.

'నీళ్లు బాగా తాగుతున్నారా?' ఆయన డాక్టరు చెప్పినట్టు కొలుచుకుని కొద్దిగానే తాగుతాడు. మన లెక్కలో ఆయనకు 1 మార్కు. నిజానికి ఆ నిగ్రహానికి 5 ఇవ్వాలి.

'పళ్లు, కొబ్బరినీళ్లు తీసుకుంటున్నారా?' పెరట్లోనే కొబ్బరిచెట్లున్న సీమ మనది. కాని వాటిలోని పొటాషియం ఆయనకు ప్రమాదం. నోరు కట్టుకున్నందుకు మళ్లీ 1.

'వేళకు వైద్యం చేయించుకుంటున్నారా?' డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలు. బండి కదలని రోజుల్లో ఆసుపత్రికి చేరలేకపోతే అది అశ్రద్ధా, అశక్తతా? మార్కు ఆ తేడా చెప్పదు.

మరోపక్క, ఒళ్లు నొప్పులకు దుకాణంలో మాత్ర కొని మింగే అలవాటుంది. కొన్ని నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేటు. ఇక్కడ తప్పకుండా అడగవలసిన ఆ ప్రశ్న, ఎక్కడో తయారైన ప్రశ్నావళిలో ఉండకపోవచ్చు.

ఆ రోజుల్లోనే మన జిల్లా మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లోని వేరావల్‌లో చిక్కుకుపోయి, పడవల్లోనే రోజులు గడిపారు. వాళ్లను 'దూరం పాటించారా?' అని అడిగితే ఏం జవాబిస్తారు?

ఇంకొక సంగతి. లాక్‌డౌన్‌లో చాలా సర్వేలు ఫోన్ల మీదే జరిగాయి. ఫోను లేనివాడు లెక్కలోకే రాలేదు. ఉన్నవాడు కూడా 'ఎవరేటనుకుంటారో' అని, చేసినదానికి బదులు చేయవలసినది చెబుతాడు. మనమూ అంతే కదా!

కాబట్టి ఇటువంటి అధ్యయనం తలపెట్టే విద్యార్థులు కొన్ని జాగ్రత్తలు పాటించాలి:

1. ప్రశ్నలను ముందు పదిమందికి చదివి వినిపించి, వాళ్లకేం అర్థమైందో అడగాలి.
2. 'సాధారణంగా' అనకుండా 'నిన్న, మొన్న' అని అడగాలి. జ్ఞాపకం తక్కువగా మోసం చేస్తుంది.
3. 'చేయలేదు' అన్నవారికి 'ఎందుచేత?' అనే గడి ఉంచాలి. వద్దనుకున్నారా, వీల్లేకపోయిందా, డాక్టరు వద్దన్నారా?
4. జబ్బున్నవారి మార్కులు విడిగా లెక్కించాలి.
5. మొత్తం మార్కుతో పాటు నాలుగు గుంపుల మార్కులూ వేరువేరుగా చూపాలి.

ఇదంతా పరీక్షల కోసం చెప్పే పాఠం కాదు. తప్పు కొలత మీద తప్పు తీర్పు నిలుస్తుంది. 'ఈ జనానికి ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు' అని ఒక పట్టిక తేల్చేస్తే, బండి పంపవలసినవాళ్లు కరపత్రాలు పంపి ఊరుకుంటారు. రేపు మీలో ఎందరో డాక్టర్లు, అధికారులు, ఉపాధ్యాయులు అవుతారు. మనిషికి మార్కు వేసేముందు మీ చేతిలోని కుంచాన్ని ఒకసారి తిరగేసి చూసుకోండి.