ఛాంపియన్‌కి రెండో అక్షరాభ్యాసం



"ఫార్ములా కారు నడిపినవాడికి ఆ నాస్కార్ డబ్బా ఒక లెక్కా మామయ్యా? ఎడమవైపు తిప్పుకుంటూ పోవడమేగా!" అని రాశావు. కార్టింగ్ నేర్చుకుంటున్న నీ ఈడు పిల్లలకు అలా అనిపించడం సహజమే. జవాబుగా డారియో ఫ్రాంకిటి 2008లో పడిన పాట్లు చెబుతాను, చదువు.

ఫ్రాంకిటి స్కాట్లండ్ వాడు. 1973లో బాత్‌గేట్ అనే ఊళ్లో పుట్టాడు. 1997 నుంచి అమెరికాలో, చక్రాలు బయటికి కనిపించే కార్లు నడుపుతూ పేరు తెచ్చుకున్నాడు. అంటే ఓవల్ ట్రాకులు అతనికి కొత్త కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకో. 2007లో ఇండియానాపోలిస్ 500 గెలిచాడు. వాన దెబ్బకు 166 లాపులకే ఆపేసిన రేసు అది. ఆ ఏడాది ఆగస్టులోనే మిషిగన్‌లో ఒకసారి, వారం తిరక్కుండా కెంటకీలో ఇంకోసారి అతని కారు గాల్లోకి లేచి పల్టీ కొట్టింది. అయినా సెప్టెంబరులో షికాగోలాండ్‌కి ఇండీకారు ఛాంపియన్‌షిప్ ఆశతోనే వచ్చాడు. ఆఖరి రేసు, ఆఖరి లాపు. ముందున్న స్కాట్ డిక్సన్ కారులో ఇంధనం అయిపోయింది. ఫ్రాంకిటి పక్కనుంచి దూసుకుపోయి రేసునీ, ఛాంపియన్‌షిప్‌నీ ఒకేసారి పట్టుకుపోయాడు.

నెల తిరిగేలోపే, మరుసటి ఏడాది నాస్కార్‌లో చిప్ గనాసి జట్టుకు 40వ నంబరు డాడ్జ్ స్టాక్ కారు నడపబోతున్నట్టు ప్రకటన వచ్చింది. పేరున్న ఛాంపియన్, డబ్బున్న జట్టు. ఇంకేం కావాలి?

చాలానే కావాలి. అప్పటి ఇండీకారు బరువు 700 కిలోల చుట్టుపక్కల ఉంటే స్టాక్ కారుది 1,500 కిలోల పైమాట. అంత బరువునీ మోయాల్సిన టైర్లు ఆ బరువుకు చాలీచాలని వెడల్పు. ఇండీకారును గాలి కిందికి అదిమి పట్టుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. స్టాక్ కారుకు అంత సాయం దొరకదు. మలుపులోకి కాస్త ముందుగా, కాస్త గట్టిగా దిగితే ఆ ఒక్క లాపు బాగానే ఉంటుంది. ఇరవై లాపులు పోయాక టైర్లు అరిగి కారు జారడం మొదలవుతుంది. పైగా డ్రైవరు పై కప్పు కింద, తలకు అటూ ఇటూ అడ్డుగా ఉన్న సీట్లో కూర్చుంటాడు కాబట్టి పక్క కారు ఎంత దగ్గరగా ఉందో కనబడదు. స్టేడియం పైన నిలబడిన స్పాటర్ రేడియోలో చెప్పే మాటే అతని కళ్లు. చక్రాలు బయటికి ఉన్న కార్లలో చక్రానికి చక్రం తగిలితే ఏమవుతుందో మిషిగన్‌లో ఫ్రాంకిటికి తెలిసొచ్చింది. స్టాక్ కార్లలో ఒకరినొకరు రాసుకోవడం రోజువారీ వ్యవహారం. పదేళ్లు ఒళ్లు నేర్చుకున్న భయాన్ని ఒక్క చలికాలంలో వదిలించుకోవడం ఎవరి తరం?

వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. దాని గురించి టీవీలో పెద్దగా చెప్పరు. ఇండీకారులో డ్రైవరు చేతికి అందేలా కొన్ని లివర్లు ఉంటాయి. కారు ముందు జారుతోందా, వెనక జారుతోందా చూసుకుని పరుగులోనే తనంతట తాను సర్దుకోవచ్చు. స్టాక్ కారులో బ్రేకుల పట్టు ముందుకూ వెనక్కూ మార్చుకోవడం తప్ప ఆ సౌకర్యం అంతంతమాత్రం. అక్కడ సర్దుబాటు పిట్‌లో జరగాలి. పిట్ స్టాప్ వీడియో ఒకటి పెట్టి, టైర్లు మార్చేవాళ్లను వదిలేసి కారు వెనక అద్దం దగ్గర చూడు. అద్దంలో చిన్న కన్నం ఉంటుంది. ఒకతను పొడుగాటి రెంచీని అందులో దూర్చి అర చుట్టో, ఒక చుట్టో తిప్పుతాడు. లోపలి స్ప్రింగు మీద బరువు మారి, నాలుగు చక్రాల మీదా భారం పడే తీరు మారుతుంది. అప్పట్లో ముందు గ్రిల్ మీద టేపు అతికిస్తే గాలి లోపలికి పోకుండా ముక్కును కిందికి నొక్కేది. కానీ ఇంజన్ వేడెక్కేది.

ఆ రెంచీ ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో జట్టును నడిపించే క్రూ చీఫ్‌కి ఎలా తెలుస్తుంది? డ్రైవరు నోటిమాట వల్ల. "టైటుగా ఉంది", అంటే కారు సరిగ్గా తిరగడం లేదు, అని చెబితే సరిపోదు. మలుపులోకి దిగేటప్పుడా, మధ్యలోనా, గ్యాస్ తొక్కి బయటికొచ్చేటప్పుడా? ఎండ తగ్గాక ఎలా ఉంది? స్థానిక ట్రాకుల్లో చిన్నప్పటి నుంచి ఈ కార్లలోనే తిరిగిన కుర్రాడికి ఇది పుట్టుకతో వచ్చిన భాష. ఫ్రాంకిటి ముప్ఫై నాలుగేళ్ల వయసులో దీన్ని మొదలుపెట్టాడు. చేతుల్లో లోపం లేదు. ఆ కారు చెప్పేదాన్ని మాటల్లో పెట్టే అలవాటే లేదు.

అతను తయారవకుండా వచ్చాడని అనలేం. 2007 చివర్లో టల్లడేగాలో ఆర్కా అనే కింది అంచె స్టాక్ కార్ల సిరీస్ రేసు, మార్టిన్స్‌విల్‌లో ట్రక్కు రేసు నడిపాడు. కానీ అవి రుచి చూడటానికి పనికొస్తాయి, నేర్చుకోవడానికి చాలవు. 2008 జనవరిలో డేటోనా 24 గంటల రేసును తోటి డ్రైవర్లు మోంటోయా, స్కాట్ ప్రూయెట్, మెమో రోహాస్‌లతో కలిసి గెలిచాడు. స్టాక్ కార్లలో పై అంచె అయిన కప్ సిరీస్‌లో మాత్రం అతని పేరిట ఉన్నవి పది రేసులే. వాటిలో అత్యుత్తమం మార్టిన్స్‌విల్‌లో 22వ స్థానం.

ఆ ఏడాది ఏప్రిల్‌లో టల్లడేగాలో రెండో అంచె సిరీస్ రేసు నడుపుతుండగా టైరు దెబ్బతిని కారు అదుపు తప్పింది. ఇంకో కారు వచ్చి గుద్దింది. ఎడమ చీలమండ విరిగి కొన్ని వారాలు ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. అప్పట్లో యజమాని పాయింట్లలో మొదటి 35 జట్లకు ప్రతి రేసులో చోటు ఖాయం. మిగతావాళ్లు 43 కార్ల వరుసలో మిగిలిన ఖాళీల కోసం క్వాలిఫయింగ్‌లో పోరాడాలి. 40వ నంబరు కారు ఆ గీత కిందికి జారిపోయింది. రేసులో ఉంటుందో లేదో తెలియని కారు మీద పేరు వేయించుకోవడానికి ఏ కంపెనీ ముందుకొస్తుంది? స్పాన్సర్ దొరక్క జూలై 1న గనాసి ఆ జట్టును మూసేశాడు.

అదే గనాసి జట్టులో ఫార్ములా వన్ నుంచి వచ్చిన కొలంబియావాడు మోంటోయా 2007లో సొనోమా గెలిచి ఆ ఏటి ఉత్తమ కొత్త డ్రైవరయ్యాడని నువ్వు అడ్డు చెప్పొచ్చు. నిజమే. అయితే సొనోమా కుడి ఎడమ మలుపులున్న రోడ్డు ట్రాకు. ఇటలీలో పుట్టిన మారియో ఆండ్రెట్టి 1967లో డేటోనా 500 గెలిచాడు కదా అంటావేమో. ఆయన పదిహేనేళ్ల వయసులో అమెరికా వచ్చి, పెన్సిల్వేనియా మట్టి ట్రాకుల మీద పాత హడ్సన్ కారుతో మొదలుపెట్టినవాడు. నాకు ఎక్కువ నచ్చిన ఉదాహరణ న్యూజిలాండ్ డ్రైవరు షేన్ వాన్ గిస్‌బర్గెన్. 2023లో షికాగో వీధుల్లో తన మొట్టమొదటి కప్ రేసే గెలిచాడు. అంత గెలిచినా 2024లో కింది అంచెకు దిగి, పూర్తి సీజన్ ఓవల్స్ నేర్చుకున్నాడు. ఫ్రాంకిటికి ఆ ఏడాది దొరకలేదు.

ఫ్రాంకిటి 2009లో గనాసి ఇండీకారు జట్టులో చేరి వరుసగా మూడేళ్లు ఛాంపియన్ అయ్యాడు. 2010లో, 2012లో మళ్లీ ఇండియానాపోలిస్ 500 గెలిచాడు. మనిషి అదే, యజమానీ అదే, ఏడాది తిరిగేసరికి కారు మారింది.

ఈ వారం నుంచి ఒక పని చెయ్యరా. కార్ట్ దిగగానే లాప్ టైమ్ చూసుకోకు. ముందు నోట్‌బుక్‌లో ప్రతి మలుపుకూ మూడు వాక్యాలు రాయి: దిగేటప్పుడు ఏమైంది, మధ్యలో ఏమైంది, బయటికొచ్చేటప్పుడు ఏమైంది. రాశాక టైమ్ చూడు. నాలుగు పేజీలు నిండాక ఆ నోట్‌బుక్ ఫొటోలు తీసి పంపు, మీ మెకానిక్‌తో కలిసి కూర్చుని చదువుదాం.

ఇట్లు,
మామయ్య