తని ఆవర్తనాన్ని బట్టే గెయిన్

సభల్లో, గుళ్లలో కచేరీలు రికార్డు చేసే పని మొదలుపెట్టినవాళ్లకి ఎనిమిది ఛానెళ్ల డిజిటల్ మల్టీట్రాక్ రికార్డర్ చాలు. గాత్రం, వయొలిన్, మృదంగం, ఘటం, తంబురా దేనికది విడి ట్రాక్ మీద పడుతుంది కాబట్టి హెచ్చుతగ్గులు తర్వాత తీరిగ్గా సరిచేసుకోవచ్చు. కానీ వేదిక మీద బద్దలైన శబ్దాన్ని మిక్సింగ్‌లో పూర్తిగా బాగుచేయలేం, కచేరీలో రెండో టేక్ అడగలేం. అసలు శ్రమంతా మొదటి వర్ణానికి ముందే పడాలి.

కార్డు లెక్క ముందు చూసుకోండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెడితే ఒక్కో ట్రాక్‌కి గంటకు సుమారు 520 మెగాబైట్లు, ఎనిమిదింటికీ కలిపి 4 జీబీ పైచిలుకు పడుతుంది. మూడు గంటల కచేరీకి 32 జీబీ కార్డు సరిపోతుంది. వీడియో లేకపోతే 44.1 చాలు, 24 బిట్ మాత్రం వదలొద్దు. పాత ఫైళ్లు వేరేచోట భద్రంగా ఉన్నాయని చూసుకున్నాక, కార్డును రికార్డర్‌లోనే ఫార్మాట్ చేయండి.

ఇక గెయిన్. నూటికి తొంభై పాళ్లు పని ఇదే. సౌండ్ చెక్‌లో మృదంగం కళాకారులు శ్రుతి చూసుకుంటూ నాలుగు దెబ్బలు మెల్లగా వేస్తారు. ఆ నాలుగింటిని నమ్మి గెయిన్ పెడితే తని ఆవర్తనంలో మీటర్ ఎర్రబడుతుంది. డిజిటల్‌లో సున్నా డెసిబెల్స్ దాటిందంటే అలల కొనలు తెగిపోయినట్టే. కాబట్టి మొహమాటపడకుండా అడగండి: "సార్, తనిలో చివరి మోరా ఎంత గట్టిగా వాయిస్తారో అంత ఒక్కసారి వాయించండి." ఆ దెబ్బకు మీటర్ మైనస్ 8, మైనస్ 10 దగ్గర ఆగేలా గెయిన్ తిప్పండి. గాత్రానికీ అంతే, తారస్థాయి షడ్జమం పైన ఒక సంగతి పాడించుకుని చూడాలి. మామూలు పాటలో లెవెల్ మైనస్ 20 దగ్గరే ఆడుతోందని కంగారుపడక్కర్లేదు. 24 బిట్ రికార్డింగ్‌లో తర్వాత పెంచుకున్నా గరగర పెద్దగా పైకి రాదు. ఇంకో మాట: చాలా రికార్డర్లలో ఫేడర్ మనం వినే శబ్దాన్నే మారుస్తుంది. కార్డు మీదికి వెళ్లే లెవెల్ గెయిన్ చేతిలో ఉంటుంది. మీటర్ ఎర్రబడితే ఫేడర్ తగ్గించి ఊరుకోవద్దు.

మృదంగానికి రెండు మైకులు పెట్టగలిగితే కుడి మూతకొకటి, ఎడమ మూతకొకటి పెట్టండి. ఎదురెదురు మైకులు కాబట్టి ఒకదాన్ని మరొకటి కొట్టేసి ఎడమ వైపు గుంకారం పల్చబడవచ్చు. ఫేజ్ మీట నొక్కి, వదిలి, గుంకారం నిండుగా వినిపించినచోట ఉంచండి. వయొలిన్ నాదం పైకి లేస్తుంది, మైకు పైనుంచి ఒక అడుగు దూరంలో ఉంటే కమాను గీత తక్కువగా, నాదం ఎక్కువగా దొరుకుతుంది. కండెన్సర్ మైకులకు 48 వోల్టుల ఫాంటమ్ కావాలి. కేబుల్ తగిలించి, గెయిన్ పూర్తిగా తగ్గించాకే అది వేయండి. వీణకు కాంటాక్ట్ పికప్ ఉంటే హై-జెడ్ అని రాసి ఉన్న ఇన్‌పుట్‌లోకి, అది లేకపోతే డీఐ బాక్స్ ద్వారా ఇవ్వాలి. మైకు ఇన్‌పుట్‌లోకి నేరుగా ఇస్తే తీగ నాదం మొద్దుబారుతుంది.

శ్రుతి బాక్సును గాయకుల మైకు పక్కన పెట్టనివ్వకండి. దాని లైన్ అవుట్‌పుట్‌ని ఒక ట్రాక్‌లోకి తీసుకుంటే మిక్సింగ్‌లో తంబురా ఎంత కావాలో మన చేతిలో ఉంటుంది. రివర్బ్, కంప్రెసర్ లాంటివి ఇన్‌పుట్ మీద వేయొద్దు, ఒకసారి ట్రాక్‌లో కలిస్తే విడదీయలేం.

చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్‌తో ఒక్కో ఛానెల్ విడిగా వినండి. ఫ్యాన్ గాలి, 50 హెర్ట్జ్ కరెంటు హమ్, వదులైన కేబుల్ మీటర్‌లో కనబడవు. ఒక నిమిషం రికార్డు చేసి, వెనక్కి తిప్పి విన్నాకే సరేననుకోండి. రికార్డర్‌లో కొత్త బ్యాటరీలు ఉంచండి. ఆపు మీట నొక్కక ముందే కరెంటు పోతే ఫైలు తెరుచుకోకపోవచ్చు.

కచేరీకి ముందు ప్రధాన కళాకారులనే కాక పక్కవాద్యాల వారినీ అనుమతి అడగండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శన మీద కళాకారులకు 50 ఏళ్ల హక్కు ఉంది. ఫైళ్లు కాపీ చేశాక ఘటం వాయించినవారికీ ఒక ప్రతి పంపండి.