పొలం అమ్మకం తర్వాతి మాట, ముందు మెడికల్

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ చదివినాడు. పైలట్ అవుతానంటున్నాడు. ఇక్కడే నేర్పించాలా, అమెరికా పంపాలా, విమాన కంపెనీల క్యాడెట్ కోర్సులో చేర్చాలా? పొలం అమ్మక తప్పేట్టు లేదు.
– ఒక తండ్రి, మైదుకూరు

జవాబు: పొలం మాట పక్కన పెట్టండి. ముందు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2, ఆపైన అది గుర్తించిన కేంద్రంలో క్లాస్ 1 మెడికల్ పరీక్ష చేయించండి. రంగులు పోల్చుకోలేని లోపం ఫీజు కట్టాక బయటపడితే చేసేదేమీ లేదు.

కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అమెరికాలో ఆ గంటలు త్వరగా పూర్తికావచ్చు గానీ, తిరిగొచ్చాక డీజీసీఏ పరీక్షలు పాసైతేనే ఇక్కడి లైసెన్సు. ఏజెంట్లు ఈ సంగతి చివర్లో చెబుతారు! క్యాడెట్ కోర్సులో ఎంపిక ముందే జరుగుతుంది, ఖర్చు కోటి దాటొచ్చు. ఉద్యోగం గురించి ఒప్పందంలో ఏం రాశారో లాయరుకు చూపించండి. మిగతా దారుల్లో ఎయిర్‌బస్ 320 లాంటి విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఖర్చు వేరే.

నన్నడిగితే, ఉత్తరప్రదేశ్ ఫుర్సత్‌గంజ్‌లోని కేంద్రప్రభుత్వ అకాడమీ ‘ఇగ్రువా’ ప్రవేశపరీక్ష మొదట రాయించండి. దగ్గర్లో చూస్తే, 2022లో ఫ్లయింగ్ స్కూళ్లకు కేటాయించిన విమానాశ్రయాల్లో మన కడపా ఉంది. ఎక్కడ చేర్చినా, ఎగిరే స్థితిలో విమానాలెన్ని, 200 గంటలకు ఎన్ని నెలలు పట్టింది అని ఆఫీసులో కాదు, అక్కడ నేర్చుకుంటున్న పిల్లల్నే అడగండి.