కొండ ఊరికి పిల్లల్ని తీసుకెళ్తున్నారా?

నూజివీడు చుట్టుపక్కల వేసవి సెలవులు పేరుకే పిల్లలవి, అసలు హక్కు మామిడిది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోతలు, కాయ ఏరడం, నున్న మార్కెట్‌కు లోడు పంపడం, కమీషన్ కొట్టులో లెక్క చూసుకోవడం. తోట ఉన్న ఇంట్లోనే కాదు, తోట కాపలా ఉండే ఇంట్లోనూ, లారీ నడిపే ఇంట్లోనూ పెద్దవాళ్ళకు ఊపిరాడదు. ఎండ నలభై దాటి మిగతా వాళ్ళంతా చల్లటి చోటు వెతుక్కునే వేళ మనం చెట్టు కిందే ఉంటాం. సంక్రాంతి సెలవులకు వెళ్దామంటే అప్పుడు పూత. మందు కొట్టే పని వదిలి కదలలేం. అందుకని మన వైపు తల్లిదండ్రులకు పిల్లల్ని అరకు తీసుకెళ్ళే వీలు దసరాకో, కార్తీకంలోనో చిక్కుతుంది.

ఇదీ మంచిదే. వానలు వెనకబట్టాక కొండలు పచ్చగా కడిగినట్టుంటాయి. కార్తీకం నాటికి వలిసె చేలు పసుప్పచ్చగా పూస్తాయి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. అక్టోబరు, నవంబరు నెలలు తుపాన్లకూ కాలమే. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వింటే ప్రయాణం వాయిదా వేసుకోండి. పెద్దవాన పడితే ఘాట్ రోడ్డు మీదా, రైలు పట్టాల మీదా కొండచరియలు పడతాయి. టికెట్ డబ్బులు పోయినా పరవాలేదు.

ఎలా వెళ్ళాలన్నది తర్వాతి మాట. విజయవాడలో రాత్రి రైలెక్కి, తెల్లవారుజామున విశాఖలో దిగి, నిద్ర చాలని పిల్లల్ని ఈడ్చుకుంటూ మళ్ళీ బండెక్కించకండి. చిన్నపిల్లలుంటే ఒక రోజు విశాఖలో ఆగండి. మర్నాడు పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలు ఎక్కండి. పెద్ద అద్దాల విస్టాడోమ్ పెట్టె 2017 నుంచి ఉంది. అది కావాలంటే చాలా ముందుగా రిజర్వు చేసుకోవాలి. దొరక్కపోతే మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చోబెట్టినా పిల్లలకు లోటేమీ ఉండదు.

శృంగవరపుకోట దాటి కొండ మొదలయ్యాక సొరంగాల లెక్క పిల్లలకే అప్పగించండి. చీకట్లో కేకలు పెడితే పెట్టనివ్వండి. కాస్త పెద్ద పిల్లలకు ఈ దారి కథ చెప్పండి. ఇది విహారం కోసం వేసిన మార్గం కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేశారు. దారిలో శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదని చాలాకాలం దానికి పేరు. ఎదురొచ్చే గూడ్సు బండిని చూపించి అందులో ఏముంటుందో ఊహించమంటే, పిల్లల ప్రశ్నలతోనే అరకు వచ్చేస్తుంది.

కారులో వెళ్తే ఘాట్ మలుపుల్లో వాంతులు సహజం. చెవి లోపలి సమతూకం ఒకటి చెప్తుంది, ఫోను మీదున్న కన్ను ఇంకొకటి చెప్తుంది. ఆ తగువే కడుపు తిప్పడం. పొద్దున రెండు ఇడ్లీలతో సరిపెట్టండి. ఫోను తీసేసుకోండి. కిటికీ దించి దూరంగా చూడమనండి. వాంతి చేసుకున్న పిల్లను కసురుకోకండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. విశాఖలో పొద్దున బయల్దేరి, బొర్రా గుహలు, కటికి జలపాతం, పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి అన్నీ తొక్కించి రాత్రికి దించేసే ఒక్కరోజు యాత్రలుంటాయి. పిల్లలున్న వాళ్ళు వాటి జోలికి వెళ్ళొద్దు. రెండు రాత్రులు ఉండండి. రోజుకు రెండు చోట్లు చాలు. మిగిలిన పొద్దు ఏ కాఫీ తోట దగ్గరో గడపండి.

కాఫీ తోట అని ఊరికే అనలేదు. మామిడి నీడన పెరిగిన పిల్లలకు అరకులో అందరికన్నా బాగా అర్థమయ్యేది అదే. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగ, కింద నీడలో కాఫీ మొక్క. మన చెట్టుకు ఎండ కావాలి, ఈ మొక్కకు నీడా చల్లదనమూ కావాలి. మన పూత చలికాలంలో వచ్చి నాలుగు నెలలు తిరిగేసరికి కాయ కోతకొస్తుంది. కాఫీ మార్చి, ఏప్రిల్ జల్లులకు తెల్లగా పూస్తే పండు ఎర్రబడేది నవంబరు తర్వాతే. అప్పుడు కూడా పండినవి చూసి చేత్తో ఏరి కోయాలి. ఇదంతా మీరు చెప్పక్కర్లేదు. “మన తోటకీ దీనికీ ఏంటి తేడా?” అని అడగండి చాలు. మిగతాది వాళ్ళే పట్టేస్తారు.

మంచు సంగతీ అంతే. మనింట్లో పూత మీద పొగమంచు దిగితే తాతయ్య ముఖం మాడిపోతుంది. బూడిద తెగులో, తేనెమంచు పురుగో పట్టుకుంటుందని భయం. పాడేరు దగ్గర వంజంగిలో అదే మంచు చూడ్డానికి జనం తెల్లవారకముందే చీకట్లో కొండెక్కుతారు. ఒకే మంచు ఒకచోట నష్టం, ఇంకోచోట వేడుక. పదేళ్ళ పిల్లకు ఈ సంగతి ఒక్కటి తట్టినా ప్రయాణం ఖర్చు గిట్టినట్టే.

తోట చూశాక తోట మనిషిని చూడటం నేర్పాలి. రోడ్డు పక్క మన రసాల చెట్టు మీద రాయి విసిరి, నాలుగు కాయలు రాల్చుకుని కారెక్కి పోయే వాళ్ళంటే మనకెంత మంటో మీకు తెలుసు. అరకులో ఆ కారు మనది. కాఫీ పండు తెంపి రుచి చూడాలన్నా, వలిసె చేలో దిగి ఫొటో తీసుకోవాలన్నా ముందు ఆ రైతును అడగాలి. తొక్కిన మొక్క ఒకరి పంట. వలిసె గింజ నుంచి నూనె తీస్తారని చెబితే, అది ఫొటో కోసం వేసిన తోట కాదని పిల్లలకు తెలుస్తుంది.

అక్కడి పెద్దల్ని పిల్లలు “మీరు” అనే పిలవాలి. మన ఊళ్ళో పెద్దమ్మా, తాతా అన్నట్టే అక్కడా అనొచ్చు. గదబ, కొండదొర, కోటియా, బగత, పోర్జా, ఇలా అక్కడి తెగలకు ఎవరి పేరు వారికుంది. ఆ పేర్లు మ్యూజియంలో చదివించండి. అడక్కుండా ఎవరి ముఖం మీదా కెమెరా పెట్టనివ్వకండి. థింసా నాట్యం ఆడే చోట మీ అమ్మాయిని వరసలో కలవమంటే సంతోషంగా పంపండి, వెక్కిరింపు నవ్వు మాత్రం అక్కడికక్కడే ఆపండి. కారు ఆపి రోడ్డు పక్క పిల్లలకు చాక్లెట్లు, చిల్లర పంచకండి. ఆ పిల్లలు బళ్ళకు ఎదురు పరుగెత్తడం అలవాటు చేసుకుంటారు. ఇవ్వాలనుంటే సంతలో కొనండి. అల్లం, పసుపు, రాజ్మా, మిరియాలు ఏది కొన్నా పిల్లల చేతే కొనిపించండి. కాయకు గిట్టుబాటు రాక మనం పడే బాధ తెలిసిన పిల్లలు అయిదు రూపాయల దగ్గర ముసలమ్మతో బేరమాడరు. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కాఫీపొడి, తేనె దొరుకుతాయి. “అరకు వ్యాలీ అరబికా” కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

“ఇక్కడో ఎకరం కొందాం నాన్నా” అని పిల్లలంటారు. నవ్వి ఊరుకోకండి. ఏజెన్సీ భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదని 1970 నాటి ఒకటో నిబంధన ఉందనీ, జనం దాన్ని 1/70 చట్టమంటారనీ చెప్పండి. బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ పోరాడితే 1997లో సుప్రీంకోర్టు గిరిజనుల పక్షాన తీర్పిచ్చిందని కూడా చెప్పండి. హైస్కూలు పిల్లలకు ఇది సాంఘికశాస్త్రం పాఠంకన్నా బాగా తలకెక్కుతుంది.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. చాపరాయి లాంటి చోట రాయి నున్నగా నాచు పట్టి ఉంటుంది. పిల్లల చెయ్యి వదలకండి. పైన వాన పడుతుంటే నీళ్ళలో దింపనే వద్దు. బొర్రా గుహల్లో మెట్లు తడిగా ఉంటాయి. పట్టున్న చెప్పులు వేయించండి. పైనుంచి వేలాడే సున్నపురాయి ఊడలు బొట్టు బొట్టు నీటితో యుగాల తరబడి పెరిగినవి, వాటిని తాకనివ్వకండి. రాత్రి చలికి గదిలోనో గుడారంలోనో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపు మూసి పడుకోవడం ప్రాణాంతకం. దాని విషవాయువుకు వాసన ఉండదు. లంబసింగి వైపు వెళ్తే పసిపిల్లలకు టోపీ, సాక్సులతో పాటు పలచటి బట్టలు రెండు మూడు పొరలుగా వేయండి. దోమల మందు సంచిలో ఉండాలి. ఇంటికొచ్చాక జ్వరమొస్తే ఏజెన్సీకి వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించండి.

మీరు తీసుకెళ్ళిన ప్లాస్టిక్ సంచీ, నీళ్ళ సీసా మీతోనే కిందికి దిగాలి. ఆ పని కూడా పిల్లలకే ఒప్పజెప్పండి. ఈ కార్తీకంలో వనభోజనాలకు నాలుగిళ్ళ వాళ్ళు కలిసి కొండెక్కాలనుకుంటే, బండి బుక్ చేసేముందు పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడండి. మన తోటకు వచ్చే చుట్టం ఎలా ఉంటే మనకు నచ్చుతుందో వాళ్ళనే చెప్పమనండి. వాళ్ళు చెప్పింది రాసుకుని, ముందు మీరు పాటించండి.