పెట్టె పగిలితే, పోతే ఏం చెయ్యాలి? – విమానయాన చట్టంలో తొలి పాఠం

వేసవి సెలవులకు హూరా నుంచి ఊరెళ్ళి ఆవకాయ జాడీలతో తిరిగొచ్చే మనమంతా తెలుసుకోవలసిన ఒప్పందాలు రెండున్నాయి.

మొదటిది 1944 నాటి షికాగో ఒప్పందం. ఏ దేశం మీది ఆకాశం ఆ దేశానిదే అన్నది దీని మూలసూత్రం. అందుకే బహ్రెయిన్, హైదరాబాదుల మధ్య విమానాలు నడపాలంటే రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి.

రెండవది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. ఇది ప్రయాణికుల హక్కులకు సంబంధించినది. బహ్రెయిన్ ఇందులో ఉంది. భారతదేశం 2009లో చేరింది. దీని ప్రకారం, విమాన సంస్థకు అప్పగించిన పెట్టె పగిలితే అది అందిన 7 రోజుల్లోగా, ఆలస్యంగా వస్తే చేతికందిన 21 రోజుల్లోగా ఫిర్యాదు చెయ్యాలి. రావలసిన రోజు నుంచి 21 రోజులైనా రాకపోతే పోయినట్లే లెక్క; పరిహారం అడగవచ్చు. కోర్టుకు వెళ్ళడానికి గడువు 2 ఏళ్ళు.

ఫిర్యాదు రాతపూర్వకంగానే ఉండాలి, నోటిమాట చాలదు. పగిలిన, ఆలస్యమైన పెట్టెల విషయంలో ఆ గడువు దాటితే దావా నిలవదు. కనుక పెట్టెకు ఇచ్చిన ట్యాగు చీటీ ఇల్లు చేరేదాకా దాచుకుందాం. తేడా కనబడితే విమానాశ్రయం దాటకముందే కౌంటరులో ఫిర్యాదు రాసిచ్చి, నకలు అడిగి తీసుకుందాం.